తొడ లోపలి గడ్డ: స్కానింగు ఏం తేల్చగలదు, ఏం తేల్చలేదు

నర్సంపేట వైపు నుంచి మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇది. 52 ఏళ్ల మీ అమ్మగారికి కుడి తొడ ముందు భాగంలో ఎనిమిది నెలలుగా ఒక గడ్డ మెల్లగా పెరుగుతోంది, నొప్పి లేదు. అల్ట్రాసౌండ్ రిపోర్టులో కండరం లోపల 7 సెంటీమీటర్ల గడ్డ ఉందని, అంచులు స్పష్టంగా ఉన్నాయని, కొవ్వు గడ్డ కావచ్చునని, ఎమ్మారై తీయిస్తే మంచిదని రాశారు. మీకు దగ్గరలోని సర్జన్ గారు అంచులు స్పష్టంగా ఉన్నాయి కనుక మత్తిచ్చి తీసేస్తే సరిపోతుందన్నారు. ఎమ్మారైకి అంత డబ్బు పెట్టడం అవసరమా, పెడితే క్యాన్సరో కాదో దానితోనే తేలిపోతుందా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

వరంగల్‌లో చాలా ఏళ్లుగా ఇలాంటి గడ్డల స్కానింగులు చదువుతున్న రేడియాలజిస్టుగా నా సమాధానం ముందే చెబుతున్నాను. ఎమ్మారై తప్పకుండా తీయించండి. అది అయ్యేదాకా గడ్డ మీద కత్తి పెట్టనివ్వకండి. అయితే ఎమ్మారై ప్రతి గడ్డకూ పేరు పెడుతుందని మాత్రం ఆశించకండి. స్కానింగు చేసే అసలు పని ఇది: నిస్సందేహంగా గుర్తుపట్టగలిగిన నిరపాయమైన గడ్డలను పక్కకు తీసిపెట్టడం, అలా గుర్తుపట్టలేని ప్రతి గడ్డనూ ముక్క పరీక్ష (బయాప్సీ) జరిగే వరకు అనుమానంగానే ఉంచడం. నా అనుభవంలో రోగులకు జరిగిన నష్టంలో ఎక్కువ భాగం ఈ రెండో రకాన్ని మొదటి రకంలో కలిపేయడం వల్లనే జరిగింది.

ముందుగా భయాన్ని దాని కొలతలో ఉంచుకుందాం. కొవ్వు, కండరం, నరాలు, రక్తనాళాలు, కీళ్ల చుట్టూ ఉండే పొరలు, వీటన్నిటినీ కలిపి మెత్తటి కణజాలం అంటాము. వీటిలో పుట్టే గడ్డల్లో హానిచేయనివి హానికరమైన వాటికంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. వీటిలో పుట్టే క్యాన్సర్‌ను సార్కోమా అంటారు. పెద్దవారిలో వచ్చే క్యాన్సర్లన్నిటిలో ఇది సుమారు 1 శాతం మాత్రమే. కానీ ఈ లెక్క చర్మం కింద వేలికి జరిగే చిన్న గడ్డలన్నిటినీ కలుపుకొని చెప్పేది. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, కండరాన్ని కప్పి ఉండే గట్టి పొరకు లోపలి వైపున ఉన్నా, నెలనెలా పెరుగుతున్నా, ఒకసారి తీసేసిన చోటే మళ్లీ వచ్చినా ఆ నిష్పత్తి మారిపోతుంది. మీ అమ్మగారి గడ్డలో వీటిలో మూడు ఉన్నాయి. నొప్పి లేకపోవడం ఊరట కలిగించే సంగతి కాదు. సార్కోమాల్లో చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతాయి. మన ప్రాంతంలో "నొప్పి లేదు కదా" అన్న ఒక్క మాట మీద నెలలు గడిపేసి, గడ్డ కొబ్బరికాయంత అయిన తరువాత వచ్చేవారిని చూస్తూనే ఉన్నాము.

అల్ట్రాసౌండ్ తక్కువ ఖర్చుతో అయ్యే మొదటి పరీక్ష. చర్మం కిందనే ఉన్న చిన్న గడ్డలకు చాలాసార్లు అదే చివరి పరీక్ష కూడా అవుతుంది. చర్మం కింది కొవ్వు గడ్డ నొక్కితే నలుగుతుంది, చర్మానికి సమాంతరంగా సన్నని గీతలు కనిపిస్తాయి, డాప్లర్ పెడితే లోపల రక్తప్రవాహం ఉండదు, ఉన్నా నామమాత్రమే. మణికట్టు మీద వచ్చే గాంగ్లియాన్ అనే జిగురు తిత్తి, మోకాలి వెనుక రెండు కండరాల సందులోంచి ఉబికే బేకర్ నీటితిత్తి, వీటి చోటూ రూపమూ చూసి చెప్పేయవచ్చు. ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. చేలల్లో చెప్పులు లేకుండా నడిచేవారి పాదంలో తుమ్మ ముల్లు విరిగి లోపలే ఉండిపోయి, ఆరు నెలల తరువాత గట్టి గడ్డగా తేలుతుంది. ముల్లు కర్ర కనుక ఎక్స్‌రేలో కనబడదు, అల్ట్రాసౌండ్‌లో మాత్రం తెల్లని గీతగా, దాని చుట్టూ నల్లని వలయంతో స్పష్టంగా కనిపిస్తుంది. పిరుదు మీద ఎప్పుడో వేయించుకున్న ఇంజెక్షన్ చోట కొవ్వు చనిపోయి సున్నం పట్టి గట్టిపడడం, కండరంలో బద్దెపురుగు పిల్లరూపం చేరి చిన్న నీటితిత్తిగా మారడం, మట్టిలోని క్రిములు పాదంలోకి చేరి మదురా పాదంగా ముదరడం, ఇవన్నీ గడ్డలుగానే వస్తాయి. గజ్జల్లోనో తొడ పైభాగంలోనో మెత్తగా తగిలే గడ్డ కొన్నిసార్లు వెన్నెముకలోని టీబీ నుంచి కండరం వెంట కిందికి జారిన చీము కావచ్చు. అందువల్ల రోగి వృత్తిని, పాత జబ్బులను, ఎన్నాళ్లుగా ఉందన్న సంగతిని అడగకుండా గడ్డను మాత్రమే చూసి రాసిన రిపోర్టుకు సగం విలువే ఉంటుంది.

కండరం లోపల ఉన్న పెద్ద గడ్డ దగ్గరికి వచ్చేసరికి అల్ట్రాసౌండ్ శక్తి తగ్గిపోతుంది. గడ్డ ఘనంగా ఉందా నీటితో నిండి ఉందా, రక్తనాళాలు ఎంత ఉన్నాయి అన్నది అది చెప్పగలదు. ఎంత లోతుకు పోయింది, ఏ నరాన్ని, ఏ ధమనిని తాకింది, లోపలి పదార్థం పూర్తిగా కొవ్వేనా అన్నవి నమ్మకంగా చెప్పలేదు. మీ రిపోర్టు రాసినవారు ఎమ్మారై సూచించడం పూర్తిగా సరైన పని.

ఇక సర్జన్ గారు ఆధారంగా తీసుకున్న "అంచులు స్పష్టంగా ఉన్నాయి" అన్న మాటను కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసే లక్షణం ఇదే. రొమ్ములోనో ఊపిరితిత్తిలోనో క్యాన్సర్ చుట్టూ ఉన్న కణజాలంలోకి వేళ్లు చాచి అంచులు గజిబిజిగా కనిపిస్తుందని అందరికీ తెలుసు. అదే లెక్కను కండరంలోని గడ్డకు వర్తింపజేయకూడదు. సార్కోమా చాలావరకు చుట్టూ ఉన్న కండరాన్ని చీల్చుకుంటూ కాక, పక్కకు నెట్టుకుంటూ పెరుగుతుంది. నేలలో ఊరే కందగడ్డ చుట్టూ ఉన్న మట్టిని నొక్కి గట్టిపరచినట్టే, ఈ గడ్డ చుట్టూ నలిగిన కణజాలం ఒక పొరగా ఏర్పడుతుంది. స్కానులో అది అందమైన తొడుగులా కనిపిస్తుంది, ఆపరేషన్‌లో చేతికి కూడా తొడుగులాగే తగులుతుంది, గడ్డ సులభంగా ఊడి వస్తుంది. కానీ అది నిజమైన తొడుగు కాదు. దానిలోనూ దానికి అవతలా కంటికి కనిపించని క్యాన్సర్ కణాలు ఉంటాయి, గడ్డను ఊడదీసినప్పుడు అవి అక్కడే మిగిలిపోతాయి. మరోవైపు చీముగడ్డ, దెబ్బ తగిలిన కండరంలో ఎముకలా గట్టిపడే మయోసైటిస్, కండరపు పోగుల మధ్యకు చొచ్చుకుపోయే మామూలు కొవ్వు గడ్డ, ఇవి మూడూ క్యాన్సర్లు కావు, అయినా వీటి అంచులు గజిబిజిగా ఉంటాయి. కాబట్టి స్పష్టమైన అంచు చూసి ధైర్యపడడం, అస్పష్టమైన అంచు చూసి భయపడడం, రెండూ తప్పుదారి పట్టిస్తాయి.

ఎమ్మారైలో ఒకే గడ్డను రకరకాల పద్ధతుల్లో చూస్తాము. టీ1 అనే పద్ధతిలో కొవ్వు తెల్లగా కనిపిస్తుంది, కానీ కొన్ని వారాల నాటి రక్తం కూడా తెల్లగానే కనిపించవచ్చు. అందుకని కొవ్వు నుంచి వచ్చే సంకేతాన్ని అణచివేసే మరో పద్ధతిలో అదే చోటును మళ్లీ చూస్తాము. కొవ్వయితే నల్లబడుతుంది, రక్తమైతే తెల్లగానే ఉండిపోతుంది. గడ్డ మొత్తం, ప్రతి పద్ధతిలోనూ, చర్మం కింది కొవ్వుతో అచ్చంగా సమానంగా ఉండి, లోపల సన్నని పొరలు తప్ప మరేమీ లేకపోతే అది లైపోమా, అంటే మామూలు కొవ్వు గడ్డ అని ధైర్యంగా రాయవచ్చు. ముక్క పరీక్ష కూడా అక్కరలేదు. లోపలి పొరలు 2 మిల్లీమీటర్ల కంటే మందంగా ఉన్నా, కొవ్వు కాని ముద్దలు కనిపించినా, గడ్డ 10 సెంటీమీటర్లు దాటినా, వయసు మళ్లినవారి తొడలో లోతుగా ఉన్నా అప్పుడు లైపోమాను పోలిన మరొక గడ్డను అనుమానించాలి. దానిని అటిపికల్ లైపోమాటస్ ట్యూమర్ అంటారు. చేతుల్లో, కాళ్లలో వచ్చినప్పుడు ఇది ఇతర అవయవాలకు పాకదు కానీ, తీసిన చోట మళ్లీ రావచ్చు, కొన్నాళ్లకు దానిలో ఒక భాగం తీవ్రమైన సార్కోమాగా మారే అవకాశమూ ఉంది. దీనిని ఎమ్మారైతో మామూలు లైపోమా నుంచి అన్నిసార్లూ విడదీయలేము. ముక్క తీసి దానిలో ఎండీఎం2 అనే జన్యువు పెరిగి ఉందా అని చూసినప్పుడే తేలుతుంది.

కొవ్వు కాక ఎమ్మారై పేరు పెట్టగలిగినవి మరికొన్ని ఉన్నాయి. నరం ఒక కొస నుంచి లోపలికి పోయి మరో కొస నుంచి బయటికి వస్తున్న కండె ఆకారపు గడ్డ నరపు పొర నుంచి పుట్టినదని చెప్పవచ్చు. అది నిరపాయమైనదా కాదా అన్నది మాత్రం, ముఖ్యంగా న్యూరోఫైబ్రోమటోసిస్ (నరాల మీద చాలా గడ్డలు వచ్చే జన్యు జబ్బు) ఉన్నవారిలో పాత గడ్డ హఠాత్తుగా పెరిగి నొప్పి మొదలైతే, మళ్లీ ముక్క పరీక్షకే వదలాలి. మెలికలు తిరిగిన నాళాలు, వాటిలో గుండ్రని సున్నపు పూసలు ఉంటే రక్తనాళాల గడ్డ. ఆ పూసలు మామూలు ఎక్స్‌రేలోనే కనిపిస్తాయి. పెద్ద వయసువారిలో భుజపుటెముక దిగువ కొస కింద, తరచుగా రెండు వైపులా, కండరంలా కనిపించే పీచు కణజాలమూ కొవ్వూ పొరలుపొరలుగా ఉన్న గడ్డ ఎలాస్టోఫైబ్రోమా అనే నిరపాయమైన గడ్డ. ఎక్స్‌రేను ఈ రోజుల్లో చాలామంది వదిలేస్తున్నారు, అది మంచిది కాదు. సున్నం గడ్డ అంచున పెంకులా పడితే దెబ్బ వల్ల వచ్చిన మయోసైటిస్ వైపు మొగ్గుతాము, మధ్యలో చెదురుమదురుగా పడితే సైనోవియల్ సార్కోమా లాంటి వాటి గురించి ఆలోచిస్తాము. సైనోవియల్ సార్కోమాల్లో దాదాపు మూడో వంతులో సున్నం కనిపిస్తుంది. ఇది ఎక్కువగా యువతీయువకుల్లో, కీళ్లకు దగ్గరగా వస్తుంది, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరగవచ్చు, 5 సెంటీమీటర్లకు లోపే ఉండవచ్చు. గడ్డ చిన్నది కనుక పరవాలేదన్న సూత్రాన్ని తలకిందులు చేసేది ఇదే.

మీ అమ్మగారి విషయంలో నేను ప్రత్యేకంగా జాగ్రత్తపడేది నీటితిత్తిలా కనిపించే ఘనమైన గడ్డల గురించి. తొడ కండరంలో, ఈ వయసు స్త్రీలలో, మిక్సోమా అనే నిరపాయమైన జిగురు గడ్డ వస్తుంది. అదే తొడలో మిక్సాయిడ్ లైపోసార్కోమా అనే క్యాన్సర్ కూడా వస్తుంది. రెండింటిలోనూ నీటి శాతం ఎక్కువ కనుక టీ2 పద్ధతిలో రెండూ నీళ్లలాగే తెల్లగా మెరుస్తాయి, రెండింటికీ అంచులు నున్నగా ఉంటాయి. ఈ లైపోసార్కోమాలో కొవ్వు చాలా కొద్దిగానే ఉండవచ్చు కనుక పేరులో కొవ్వు ఉన్నంత మాత్రాన స్కానులో కొవ్వు కనిపిస్తుందన్న హామీ లేదు. రంగు మందు సూది వేయకుండా తీసిన ఎమ్మారైలో దీనిని "నీటితిత్తి" అని రాసేసే ప్రమాదం ఉంది. గాడోలినియం మందు ఎక్కించిన తరువాత నీటితిత్తిలో అంచు మాత్రమే వెలుగుతుంది, ఘనమైన గడ్డలో లోపలి భాగం కూడా వెలుగుతుంది. అందుకే కీలుకు దూరంగా, కండరం మధ్యలో ఉన్న "నీటితిత్తి"ని మందు ఎక్కించిన బొమ్మలు చూడకుండా నేను నమ్మను. డబ్బు ఆదా అవుతుందని ఆ సూదిని వదిలేస్తే, ఆ తరువాత మొత్తం స్కానింగు మళ్లీ చేయించుకోవలసి రావచ్చు.

దీనికి తోడుగా చెప్పవలసినది "రక్తం గడ్డకట్టింది" అన్న నిర్ధారణ గురించి. బైకు మీద నుంచి పడ్డాకనో, ధాన్యం బస్తా తగిలాకనో గడ్డ కనిపించిందని చాలామంది చెబుతారు. దెబ్బ అంతకుముందే ఉన్న గడ్డ మీదికి దృష్టిని మళ్లించి ఉండవచ్చు, లేదా సార్కోమా లోపలే రక్తస్రావం జరిగి ఉండవచ్చు. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడకుండా, చర్మం మీద కమిలిన గుర్తు లేకుండా, పెద్ద దెబ్బ ఏదీ తగలకుండా కండరంలో పెద్ద రక్తపు గడ్డ ఏర్పడిందంటే అనుమానించాలి. మందు ఎక్కించినప్పుడు గోడ దగ్గర వెలిగే ముద్ద ఒక్కటి ఉన్నా అది ముక్క పరీక్షకు పోవలసినదే. అలాంటిదేమీ కనిపించకపోయినా, గడ్డ పూర్తిగా కరిగిపోయే వరకు కొన్ని వారాలకొకసారి స్కాన్ చేస్తూ ఉండాలి. నిజమైన రక్తపు గడ్డ కాలం గడిచేకొద్దీ చిన్నదవుతుంది.

ఎమ్మారైలోనే నీటి అణువుల కదలికను కొలిచే డిఫ్యూజన్ పద్ధతి, చక్కెరను ఎక్కువగా పీల్చుకునే చోట్లను వెలిగించి చూపే పెట్ సీటీ గురించి కూడా కొందరు సలహా ఇస్తారు. కణాలు కిక్కిరిసిన గడ్డలో నీటి కదలిక తగ్గుతుంది, అది అనుమానానికి బలమిస్తుంది, కానీ జిగురుతో నిండిన క్యాన్సర్లో కదలిక స్వేచ్ఛగానే ఉంటుంది. పెట్ స్కానులో నిరపాయమైన నరపు గడ్డలు కొన్ని బాగా వెలుగుతాయి, తీవ్రత తక్కువ ఉన్న సార్కోమాలు వెలగకపోవచ్చు. మొదటి నిర్ధారణ కోసం మీరు పెట్ స్కాన్‌కు ఖర్చు పెట్టవలసిన పని లేదు.

ఇప్పుడు ముక్క పరీక్ష. ఎమ్మారై ముందు, ముక్క తరువాత అన్న వరుస మారకూడదు. సూది గుచ్చిన తరువాత వచ్చే రక్తస్రావం, వాపు ఎమ్మారై బొమ్మను చెడగొడతాయి, పైగా సూది ఎక్కడ నుంచి పోవాలో చెప్పేది ఎమ్మారైయే. గడ్డ మధ్యలో చనిపోయిన భాగం నుంచి తీసిన ముక్కతో ఏమీ తేలదు. మందు ఎక్కించాక వెలిగిన భాగం నుంచి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తీయాలి. మన దగ్గర ఎక్కువగా చేసే సన్నసూది పరీక్షలో విడి కణాలు మాత్రమే వస్తాయి. టీబీ గ్రంథులకు అది సరిపోతుంది కానీ, సార్కోమా రకాన్నీ తీవ్రతనూ నిర్ణయించడానికి చాలాసార్లు చాలదు. లావు సూదితో తీసే కోర్ బయాప్సీ కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ సూది దారిని చివరికి ఆపరేషన్ చేయబోయే సర్జన్‌తో మాట్లాడి నిర్ణయించాలి. సార్కోమా అని తేలితే సూది పోయిన దారిని కూడా గడ్డతో పాటే తీసివేసేలా ఆపరేషన్‌ను ఆలోచిస్తారు కనుక, ఆ దారి మరో కండరాల గదిలోంచి గానీ, ముఖ్యమైన నరం, ధమని పక్క నుంచి గానీ పోకూడదు. అమెరికాలో ఎముకల సర్జన్ హెన్రీ మాంకిన్ బృందం 1982లో, మళ్లీ 1996లో ఈ విషయాన్నే పరిశీలించి చెప్పింది. చికిత్స చేయబోయే కేంద్రంలో కాకుండా, అక్కడికి పంపించే దవాఖానలో బయాప్సీ జరిగినప్పుడు పొరపాట్లు, చిక్కులు 2 నుంచి 12 రెట్లు ఎక్కువగా జరిగాయని 1996 నాటి పరిశీలనలో తేలింది. ముక్క పరీక్ష విషయంలోనే ఇంత తేడా ఉంటే, ఏ పరీక్షా లేకుండా గడ్డనే ఊడదీస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. అలా తీసిన తరువాత సార్కోమా అని రిపోర్టు వస్తే మిగిలిన కణాలు ఏ లోతు వరకు చెదిరాయో ఏ స్కానూ కచ్చితంగా చూపలేదు. రెండో ఆపరేషన్ మొదటిదానికంటే చాలా పెద్దదవుతుంది, కొందరిలో కాలును కాపాడుకోవడమే కష్టమవుతుంది.

గడ్డలన్నీ నిరపాయం, క్యాన్సర్ అన్న రెండు గదుల్లోనే ఇమడవని కూడా తెలుసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 వర్గీకరణలోనూ వీటి మధ్య ఒక వర్గం ఉంది. డెస్మాయిడ్ లాంటివి వేరే అవయవాలకు పాకవు కానీ ఉన్నచోట మొండిగా చొచ్చుకుపోతాయి. అందువల్ల రిపోర్టులో "కచ్చితంగా చెప్పలేము, బయాప్సీ అవసరం" అని ఉంటే రేడియాలజిస్టుకు చేతకాలేదని అనుకోకండి. నిజాయితీగా రాసిన రిపోర్టు అదే. ఏదో ఒక పేరు ఉండాలి కదా అని "లైపోమా కావచ్చు" అని రాయడం వల్ల రోగికి తాత్కాలికంగా నిద్ర పడుతుంది కానీ మేలు జరగదు.

మీరు చేయవలసినది చెబుతాను. ఎమ్మారైకి వెళ్లే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి గాడోలినియం ఇచ్చే విషయంలో జాగ్రత్త అవసరం. శరీరంలో పేస్‌మేకర్, పాత ఇనుప ముక్క ఏదైనా ఉంటే ముందే చెప్పండి. గడ్డ తగిలే చోట చర్మం మీద గుర్తు పెట్టమని, మందు ఎక్కించకముందు, ఎక్కించిన తరువాత రెండు రకాల బొమ్మలూ తీయమని, తొడ ఎముక పొడవునా కనిపించేలా కనీసం ఒక వరుస ఉండాలని సెంటర్ వారిని అడగండి. రిపోర్టు కాగితంతో పాటు సీడీ కూడా తీసుకోండి, ఎందుకంటే తరువాత చూసే ప్రతి డాక్టరూ బొమ్మలనే చూడాలనుకుంటారు.

గడ్డ మొత్తం కొవ్వేనని, అనుమానించదగినది ఏదీ లేదని వస్తే తొందర లేదు. అది అడ్డంగా ఉంటే మీ సర్జన్ గారే తీయవచ్చు, లేకపోతే చూస్తూ ఉండవచ్చు. కొవ్వు కాని భాగం ఏ కొంచెం ఉన్నా ఆపరేషన్ మాట ఆపి, ఆ సీడీతో వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ దవాఖానలో చూపించి హైదరాబాద్‌కు రాయించుకోండి, లేదా నేరుగా రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకో పంజాగుట్ట నిమ్స్‌కో వెళ్లండి. ఆరోగ్యశ్రీ కార్డు వెంట ఉంచుకోండి, ఏది వర్తిస్తుందో అక్కడ ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర చెబుతారు. సార్కోమా అని ముక్కలో తేలితే ఊపిరితిత్తులకు సీటీ స్కాన్ చేస్తారు, ఎందుకంటే ఇది పాకితే సాధారణంగా మొదట పాకేది అక్కడికే. మిక్సాయిడ్ లైపోసార్కోమా అయితే వెన్నెముకకు, ఇతర కొవ్వు భాగాలకు కూడా పాకే గుణం ఉంది కనుక అదనంగా ఎమ్మారై అడుగుతారు. ఇవేవీ ముందుగా చేయించవద్దు.

మీ సర్జన్ గారితో ఈ మాట గౌరవంగానే చెప్పండి: "కండరం లోపల, 5 సెంటీమీటర్లు దాటిన, పెరుగుతున్న గడ్డ కనుక ఎమ్మారై చూశాకే నిర్ణయిద్దాం సార్" అంటే చాలు, ఏ సర్జన్ కూడా కాదనలేరు. ఎనిమిది నెలలు ఆగిన గడ్డ ఎమ్మారై కోసం ఇంకొక వారం ఆగితే నష్టమేమీ లేదు. ఆ వారాన్ని నెలలుగా మాత్రం సాగనివ్వకండి.